మేనల్లుడికి లేఖ: ముందు ప్రొపెల్లర్, తర్వాతే పీఐడీ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. నేల విడవగానే నీ క్వాడ్‌కాప్టర్ (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) చలిజ్వరం వచ్చినట్టు సన్నగా వణుకుతోంది. నువ్వేమో రాత్రంతా కూర్చుని పీఐడీ విలువలు (డ్రోన్ ఒరిగినప్పుడు ఎలా సరిదిద్దుకోవాలో చెప్పే పీ, ఐ, డీ అనే మూడు అంకెలు) మారుస్తున్నానని రాశావు. ఆ విలువలను మొదట ఉన్నట్టే పెట్టేసి, లాప్‌టాప్ మూసి, ప్రొపెల్లర్లు నాలుగూ ఊడదీసి ముందు పెట్టుకో. బరువు సమంగా లేని రెక్క పుట్టించే వణుకును ఆ అంకెలతో పోగొట్టలేవు.

450 ఫ్రేముకు (ఎదురు మూలల మోటార్ల మధ్య 450 మిల్లీమీటర్లు) 920 కేవీ మోటార్లు, 3ఎస్ బ్యాటరీ పెట్టానన్నావు. ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్లు; 3ఎస్ అంటే వరుసగా కలిపిన మూడు సెల్లులు. ఆ జతకు 9450 (9.4 అంగుళాలది) గానీ 1045 గానీ ప్రొపెల్లర్ సరిపోతుంది. 1045 అంటే వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 4.5 అంగుళాలు, జారుడు లేకపోతే ఒక్క చుట్టుకు రెక్క ఎంత దూరం సాగుతుందో అదే పిచ్. ఒకే తీరు రెక్కలు ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు థ్రస్ట్ (పైకి లేపే బలం) వ్యాసపు నాలుగో ఘాతం చొప్పున, అందుకు కావలసిన పవర్ ఐదో ఘాతం చొప్పున పెరుగుతాయి గనుక, 9.4 నుంచి 10 అంగుళాలకు వెళ్లడం కంటికి చిన్న మార్పే అయినా థ్రస్ట్ సుమారు 28 శాతం, పవర్ 36 శాతం పెరుగుతాయి. ఈ లెక్క పట్టించుకోని రోజుల్లో నేను 1000 కేవీ 2212 సైజు మోటార్లకు 4ఎస్ బ్యాటరీ కలిపి, 1045లే బిగించి, వైండింగ్ మాడిన వాసన వచ్చేదాకా ఎగరేశాను. బ్యాటరీ పెంచినప్పుడు ప్రొపెల్లర్ తగ్గించి 8 అంగుళాలది పెట్టవలసింది. పిచ్ ఎక్కువగా ఉన్నవి వేగానికి పనికొస్తాయి. నీకు కావలసింది నిలకడ కాబట్టి వాటి జోలికి వెళ్లకు. కార్బన్ ఫైబర్ రెక్కల మోజు కూడా ఇప్పుడు వద్దు. కింద పడ్డప్పుడు ప్లాస్టిక్ రెక్క తాను విరిగి మోటారు షాఫ్టును కాపాడుతుంది.

ఇక బ్యాలెన్సు సంగతి. సీలింగ్ ఫ్యాను రెక్క ఒక్కటి కాస్త వంగితేనే ఫ్యాను ఎలా ఊగుతుందో చూశావు కదా, నీ ప్రొపెల్లర్ దానికి పది రెట్లకు పైగా వేగంతో తిరుగుతుంది. అయస్కాంతపు బ్యాలెన్సరు ఒకటి కొనుక్కో. ప్రొపెల్లర్‌ను దాని ఇరుసుకు ఎక్కించి అడ్డంగా నిలిపి వదిలితే బరువు రెక్క మెల్లగా కిందికి దిగుతుంది. తేలిక రెక్క వీపున గోరంత సెలోటేపు ముక్క అంటించి మళ్లీ వదులు. ఎలా పెడితే అలా నిలిచేదాకా ముక్కను కత్తిరిస్తూ, జరుపుతూ ఉండు. గరుకు కాగితంతో బరువు రెక్కను రుద్దినా ఫలితం వస్తుంది గానీ గాలిని కోసే అంచును మాత్రం ముట్టుకోవద్దు. రెక్కలు లేకుండా ఒక్కో మోటారునూ తిప్పి ఫ్రేము చేతి మీద వేలు ఆనించి చూడు. అప్పుడూ జిలజిలలాడితే తప్పు షాఫ్టుదో బేరింగుదో అయి ఉంటుంది. బిగించేటప్పుడు అంకెలు ముద్రించిన వైపు పైకి ఉండాలి, ఎదురెదురు మూలల్లోవి ఒకే దిక్కుకు తిరగాలి.

ఇదంతా అయ్యాక, గాలి లేని ఉదయం పూట రెండు మీటర్ల ఎత్తున నిలిపి చూడు. మరీ కిందుగా ఎగరేస్తే నేలను తాకి తిరిగొచ్చే గాలి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. థ్రాటిల్ (మోటార్లకు ఇచ్చే శక్తి) సగానికి అటూ ఇటూగా ఉండగానే నిలబడితే ప్రొపెల్లర్ ఎంపిక కుదిరినట్టే. ముప్పావు దాటితే అంకెలు మార్చడం కాదు, బరువు తగ్గించాలి. నీ డ్రోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్ కాబట్టి దిగాక లాగ్‌లో (అది రాసుకున్న రికార్డులో) వైబ్రేషన్ చూడు. అది త్వరణం లెక్కన సెకను వర్గానికి 30 మీటర్ల లోపు లేకపోతే మళ్లీ బ్యాలెన్సరు దగ్గరికే వెళ్లాలి. 10 అంగుళాల ప్రొపెల్లర్‌కు గైరో (తిరుగుడును కొలిచే సెన్సరు) ఫిల్టరు 40 హెర్ట్జ్ దగ్గర, థ్రస్ట్ ఎక్స్‌పో (థ్రాటిల్‌కు తగ్గట్టు థ్రస్ట్ సమంగా పెరిగేలా సరిదిద్దే సెట్టింగు) 0.65 దగ్గర మొదలుపెట్టు. 3ఎస్‌కు బ్యాటరీ గరిష్ఠ వోల్టేజి 12.6, కనిష్ఠం 9.9 అని నింపకపోతే, బ్యాటరీ తగ్గేకొద్దీ నువ్వు కుదిర్చిన ట్యూనింగు మారిపోతూ ఉంటుంది.

అప్పుడు పీఐడీ పట్టుకో, అదీ ఒక్కసారికి ఒక్క విలువే. పీ (ఒరుగును ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పేది) కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఒక చోట సన్నని వేగమైన వణుకు మొదలవుతుంది. అక్కడి నుంచి పావు వంతు తగ్గించు. డీ ఆ ఊపును అణుస్తుంది గానీ గైరోలోని రొదను కూడా పెద్దది చేసి మోటార్లకు పంపుతుంది. బ్యాలెన్సు ముందు చేయమన్నది అందుకే. నిమిషం ఎగరేసి దింపి, రెక్కలు పూర్తిగా ఆగి, బ్యాటరీ తీశాక మోటార్లు తాకి చూడు. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే డీ ఎక్కువైంది. ఐ (అదేపనిగా మిగిలిపోయే ఒరుగును సరిదిద్దేది) చివరన చూడు. బ్యాటరీ ఒక పక్కకు జరిగి ఉంటే ఆ ఒరుగుడు భారమంతా దాని మీదే పడుతుంది కాబట్టి ముందు బ్యాటరీని నడిమధ్యకు సర్దు.

ఇంత దాకా వచ్చాక, ఈ విలువలను ఎగురుతూనే తానే కుదిర్చే ఆటోట్యూన్‌కు అప్పగించవచ్చు. దానికి సమయం పడుతుంది, ఒక్కో బ్యాటరీకి ఒక్కో అక్షం (పక్కకు ఒరగడం, ముందువెనకలకు వంగడం, గిరగిరా తిరగడం, వీటిలో ఒకటి) చాలు. పూర్తయ్యాక ఆటోట్యూన్ స్విచ్చు వేసి ఉంచే దింపి, అలాగే డిసార్మ్ చెయ్యి (మోటార్లు తిరగకుండా లాక్ చెయ్యి). స్విచ్చు ముందే తీసేస్తే కొత్త విలువలు సేవ్ కావు.

నీ మామయ్య