ఏ సంవత్సరపు ఆలీ, ఎవరి నిబంధనల రింగు?

నెల్లూరు.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కందుకూరు నుంచి నువ్వు పంపిన కథ అందింది. 1920ల నాటి జాక్ డెంప్సీకీ 1960ల నాటి మహమ్మద్ ఆలీకీ మధ్య ఎన్నడూ జరగని, జరగడానికి వీల్లేని హెవీవెయిట్ బాక్సింగ్ పోటీని ఊహించి రాయాలన్న నీ సాహసం నాకు నచ్చింది; రాసిన తీరు మాత్రం ఇంకా కుదరలేదు. కథలో ముప్పాతిక భాగం దెబ్బలే ఉన్నాయి. ఎవరు ఎవరిని ఎక్కడ కొట్టారో చెప్పావు గానీ, ఆ దెబ్బ అక్కడే ఎందుకు తగిలిందో, అవతలివాడు దాన్ని ఎందుకు తప్పించుకోలేకపోయాడో చెప్పలేదు. పులిలా దూకడాలూ మెరుపులా తప్పుకోవడాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి ముందు అవన్నీ కొట్టెయ్. మిగిలినదాన్ని గురించే ఈ ఉత్తరం.

ఆలీ అనే మనిషి ఒక్కడే గానీ ఆలీ అనే బాక్సర్ ఒక్కడు కాడు. 1966 నవంబరు 14న హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులోనే ముగించిన ఆలీ 212 పౌండ్ల బరువుతో, చేతులు నడుము దగ్గర పెట్టుకుని, పాదాలతోనే కాపు కాసుకున్నవాడు. మరుసటి ఏడాది సైన్యంలో చేరనన్నందుకు అతని లైసెన్సు పోయింది. మూడున్నరేళ్ళు రింగుకు దూరమయ్యాడు. తిరిగి వచ్చిన తరువాత 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ ఎదుట తాళ్ళకు ఆనుకుని, దెబ్బలన్నీ భుజాల మీద కాచుకుని, ఎనిమిదో రౌండులో అతణ్ణి పడగొట్టినవాడు మరొక బాక్సర్. 1980లో మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు అతనికి 38 ఏళ్ళు. మన జిల్లాలో పెద్దవాళ్ళెవరైనా ‘నేను ఆలీని చూశాను’ అంటే వాళ్ళు చూసింది ఆ మూడో ఆలీని. నీ కథలోనో, ఆలీ మొదటి పేజీలో హ్యూస్టన్ పాదాలతో తిరుగుతాడు, నాలుగో పేజీకి వచ్చేసరికి కిన్షాసాలోలాగా తాళ్ళ మీద వాలిపోతాడు. హ్యూస్టన్ ఆలీకి తాళ్ళ మీద వాలవలసిన అవసరమే లేదు. కిన్షాసా ఆలీకి అన్ని రౌండ్లూ కాళ్ళ మీద తిరిగే ఓపిక లేదు. ఇద్దరినీ ఒక్క చొక్కాలో దూర్చడం వల్ల డెంప్సీ ఎవరితో తలపడుతున్నాడో పాఠకుడికి అర్థం కాలేదు.

డెంప్సీ విషయంలోనూ ఇదే ఇబ్బంది ఉంది. 1919 జులై 4న అమెరికాలోని టొలీడో ఎండలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టిన డెంప్సీ 187 పౌండ్లవాడు. విల్లార్డ్ 245 పౌండ్లవాడు, ఆరున్నర అడుగుల మనిషి. పోటీ అయిపోయిందనుకుని డెంప్సీ రింగు దిగి వెళ్ళిపోతే, పడినవాడికి రిఫరీ పెట్టే పది అంకెల లెక్క పూర్తికాకముందే రౌండు గంట మోగిందని చెప్పి మళ్ళీ వెనక్కి పిలిచారు. అదే డెంప్సీ 1923 తరువాత మూడేళ్ళు టైటిల్ పోటీ లేకుండా గడిపి, 1926లో ఫిలడెల్ఫియా వానలో జీన్ టన్నీకి పది రౌండ్లలో పాయింట్ల మీద ఓడిపోయాడు. ఇద్దరి జీవితాల్లోనూ మూడేళ్ళకు తగ్గని ఖాళీ ఉందని గమనించావా? ఆ ఖాళీకి ముందరివాళ్ళు కలుస్తున్నారా, తరువాతివాళ్ళు కలుస్తున్నారా అన్నది తేల్చుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయకు.

ఇక నిబంధనల సంగతి. టొలీడోలో పడినవాడు లేచేదాకా కొట్టినవాడు దూరంగా వెళ్ళి నిలబడాలన్న పట్టింపు లేదు. విల్లార్డ్ మోకాళ్ళ మీద లేస్తుంటే డెంప్సీ పక్కనే కాచుకుని ఉండి, అతను పూర్తిగా నిలబడీ నిలబడకముందే మళ్ళీ కొట్టాడు. ఎనిమిదేళ్ళ తరువాత, 1927 సెప్టెంబరు 22న షికాగోలో ఏడో రౌండులో డెంప్సీ వరుస దెబ్బలకు టన్నీ తాడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. అప్పటికి నియమం మారింది: పడగొట్టినవాడు ఇద్దరిదీ కాని తటస్థ మూలకు వెళితే తప్ప లెక్క మొదలు కాకూడదు. డెంప్సీ వెళ్ళలేదు. పాత అలవాటు కొద్దీ టన్నీ పక్కనే నిలబడ్డాడు. రిఫరీ డేవ్ బారీ లెక్క ఆపి, మూల వైపు వెళ్ళమని చెప్పి, అతను కదిలిన తరువాత ఒకటి నుంచి మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర టన్నీ లేచాడు. నేల మీద ఉన్నది దాదాపు 14 సెకన్లు. చివరికి పోటీ గెలిచాడు కూడా. ఆ నాలుగైదు సెకన్ల గురించి నూరేళ్ళుగా వాదిస్తూనే ఉన్నారు. ఆ కాస్త వ్యవధిలో డెంప్సీ బుర్రలో ఏం నడిచిందో రాయగలిగితే అదొక్కటే ఒక కథ అవుతుంది. నువ్వు మాత్రం నీ రిఫరీ చేత ఒక్క మాట కూడా పలికించలేదు. ఆలీ పడిపోతే డెంప్సీ ఎక్కడ నిలబడ్డాడన్నది నీ కథలో లేదు. ఫలితాన్ని తేల్చేది మాత్రం అదే.

రౌండ్ల లెక్క కూడా అంత చిన్న విషయం కాదు. 1982 నవంబరులో రే మాన్సినీతో తలపడిన దక్షిణ కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ ఆ దెబ్బలకు మరణించిన తరువాతే టైటిల్ పోటీలు పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకు తగ్గడం మొదలైంది. 1941లో ఛాంపియన్ జో లూయిస్‌తో పోరాడిన బిల్లీ కాన్ పన్నెండు రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు నిర్ణేతల్లో ఇద్దరి లెక్కలో ముందున్నాడు, మూడో లెక్కలో సమానంగా ఉన్నాడు. పదమూడో రౌండులో నాకౌట్ అయ్యాడు. ఇప్పటి నిబంధనలైతే ఆ రాత్రి ఛాంపియన్ బిల్లీ కాన్ అయ్యేవాడు. 1971లో జో ఫ్రేజియర్ ఆలీని పడగొట్టింది పదిహేనో రౌండులో. ఆ దెబ్బ నేటి రింగులో పుట్టనే పుట్టదు.

నువ్వు పోటీని 1919 నాటి టొలీడోలో పెట్టావు. అక్కడ నీకు తెలియకుండానే ఒక పెద్ద అబద్ధం దొర్లింది. 1908లో సిడ్నీలో టైటిల్ గెలిచిన జాక్ జాన్సన్ నల్లవాడు. అతణ్ణి ఓడించడానికి రిటైరైన తెల్ల ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ను వెనక్కి రప్పించారు. 1910 జులై 4న రీనోలో జాన్సన్ అతణ్ణి కూడా ఓడించేసరికి అమెరికా పట్టణాల్లో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి. 1915లో జాన్సన్ ఓడిన తరువాత 1937లో జో లూయిస్ గెలిచేదాకా ఒక్క నల్ల బాక్సర్‌కూ ఆ టైటిల్ కోసం పోటీ పడే అవకాశం రాలేదు. ఎన్నేళ్ళు ఎదురుచూసినా హ్యారీ విల్స్‌కు డెంప్సీతో పోటీ కుదరలేదు. అలాంటి కాలపు టొలీడోలోకి నల్లవాడైన ఆలీని ఎవరు రానిచ్చారు? నువ్వు అతణ్ణి గంట మోగగానే రింగులో నిలబెట్టావు. రింగు దాకా ఎలా వచ్చాడో రాయాలంటే నీ కథ మొదటి దెబ్బకు చాలా ముందే మొదలు కావాలి. అది నీకు బరువనిపిస్తే పోటీని హ్యూస్టన్‌కు మార్చెయ్, డెంప్సీని ఆలీ కాలంలోకి రప్పించు. రెండింటిలో ఏదైనా సరే, కారణం తెలిసి ఎంచుకో.

‘ఎవరు గెలుస్తారో కంప్యూటర్ చెప్పదా?’ అని నీ ఉత్తరంలో అడిగావు. చెప్పించారు. 1967లో ముర్రే వొరోనర్ అనే అమెరికన్ రేడియో నిర్మాత అన్ని కాలాల ఛాంపియన్ల లెక్కలూ కంప్యూటర్‌కు ఇచ్చి రేడియోలో పోటీలు నడిపాడు. ఆలీ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడని యంత్రం చెబితే ఆలీ పరువునష్టం దావా వేశాడు. రాజీలో భాగంగా 1969లో రాకీ మార్సియానోతో కలిసి మయామీలో నిమిషం నిడివి రౌండ్లు డెబ్భై దాకా నటించారు. ముగింపులు రకరకాలుగా తీశారు. మార్సియానో విగ్గు పెట్టుకున్నాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపిన ముగింపులో మార్సియానో పదమూడో రౌండులో గెలిచాడు గానీ, అది చూడడానికి అతను లేడు. అంతకు ముందు ఆగస్టులోనే విమాన ప్రమాదంలో పోయాడు. నిజం చెప్పాలంటే యంత్రం ఇచ్చిన తీర్పు కన్నా, విగ్గు పెట్టుకుని ఉత్తుత్తి దెబ్బలు తింటున్న ఆ మాజీ ఛాంపియన్ నాకు పెద్ద కథగా కనిపిస్తాడు.

లెక్కలతో తేలని పేచీ మన ప్రాంతంలోనూ ఉన్నదే. తిరునాళ్ళలో ఒంగోలు గిత్తల బండలాగుడు చూసే ఉంటావు. పళ్ళను బట్టి విభాగం, తూచిన బండ, నిర్ణీత సమయం, లాగిన దూరం అడుగుల్లో; ఇంత కొలత ఉన్నా, పాతకాలపు జత గొప్పదా ఇప్పటి జత గొప్పదా అని రచ్చబండ దగ్గర మొదలయ్యే వాదన భోజనాల వేళకు కూడా తెమలదు. ఎందుకంటే ఆ రోజు నేల తడి, మేత, తోలేవాడి చెయ్యి కొలతలో ఉండవు. కొలతలో లేని వాటిని పట్టుకోవడమే నీ పని.

దానికి ఇద్దరి శైలుల్లోకే వెళ్ళాలి. దెబ్బ వస్తే ఆలీ వంగడు, తల వెనక్కి తీస్తాడు. కుడిచెయ్యి కిందనే ఉంటుంది. ఈ అలవాటుకు విరుగుడు ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి విసిరే ఎడమచేతి దెబ్బ. 1963లో లండన్‌లో హెన్రీ కూపర్ నాలుగో రౌండు చివర దాంతోనే అతణ్ణి పడగొట్టాడు. ఫ్రేజియర్ పడగొట్టిందీ దాంతోనే. డెంప్సీకి పేరు తెచ్చిన దెబ్బల్లో మొదటిది కూడా అదే. అయితే డెంప్సీ ఒంగి, ఊగుతూ, అవతలివాడి ఛాతీ దాకా చొచ్చుకు వస్తే తప్ప ఆ దెబ్బ అందదు. టన్నీలాగా వెనక్కి తిరుగుతూ జాబ్ (ముందు చెయ్యి చాచి తిన్నగా కొట్టే దెబ్బ) విసిరేవాడు అతణ్ణి అంత దగ్గరికి రానివ్వడు. ఆలీకి టన్నీ కన్నా వేగం ఎక్కువ, డెంప్సీ కన్నా 25 పౌండ్ల బరువు అదనం. ఇదీ నీ కథకు అసలు చిక్కు: డెంప్సీ ఆ రెండడుగుల దూరం ఎన్నిసార్లు దాటగలడు, దాటిన ప్రతిసారీ ఎంత మూల్యం చెల్లిస్తాడు? ప్రతి రౌండూ రాయకు. ఒకసారి దాటలేకపోవడం, ఒకసారి దాటడం చూపించు. మధ్యలో మూలన కూర్చునే ఆ ఒక్క నిమిషాన్ని మాత్రం వదలకు. బాక్సర్ ఆలోచించే సమయం అదే.

ఉత్తరం చివర నా తీర్పు అడిగావు గనక చెబుతున్నాను. 1966 నాటి ఆలీ, 1919 నాటి డెంప్సీ, హ్యూస్టన్ నిబంధనలు, పదిహేను రౌండ్లు అయితే, ఆలీ ఒకసారి కింద పడతాడు, లేస్తాడు, పాయింట్ల మీద గెలుస్తాడు. అదే ఇద్దరినీ టొలీడో నిబంధనలకు వదిలితే, లేస్తున్న ఆలీ పక్కన డెంప్సీ నిలబడి ఉంటాడు. అప్పుడు నా డబ్బు డెంప్సీ మీద. నువ్వు ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోవో కథలోనే రాసి పంపు.

ఆశీస్సులతో.