అడవిదున్న వల్ల గాలికుంటు వచ్చిందా?

ప్రశ్న: మాది కిన్నెరసాని అడవి అంచు ఊరు. మా పశువులు నీళ్లు తాగే కుంట దగ్గర సాయంత్రం పూట ఒంటరి అడవిదున్న తిరుగుతోంది. అది కనబడిన మూడు రోజులకే రెండు ఆవులు చొల్లు కారుస్తూ, కుంటుతూ మేత మానేశాయి. దున్న నుంచే రోగం అంటిందని మందుల షాపు ఆయన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చాడు. గట్టున ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు చల్లమన్నాడు. చల్లొచ్చా? పది రోజుల కిందట సంతలో కొన్న ఆవు కూడా ఈ మందలోనే ఉంది. టీకా ఎప్పుడు వేయించామో గుర్తు లేదు.

జవాబు: గుళికలు చల్లకండి. ఫోరేట్ అమ్మకమే నిషేధం. ఆ కుంటలో మీ ఆవులూ తాగుతాయి. అడవిదున్నకు విషం పెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు.

మీ ఆవులది గాలికుంటులాగే ఉంది, అంటే నోటికీ గిట్టలకీ పుండ్లు చేసే వైరస్ రోగం. నా అనుమానం దున్న మీద కాదు, మీరు చివర్లో రాసిన సంత ఆవు మీద. ఈ వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. కోలుకున్న ఆవు గొంతులో కూడా నెలల తరబడి దాగి ఉండగలదు.

ఒంటరిగా తిరిగేది సాధారణంగా మగది. ఆడవి, దూడలు మందగా ఉంటాయి. ఎండ వేళ నీడలో పడుకుని నెమరు వేస్తాయి, చల్లబడ్డాక నీటికి వస్తాయి. పగలంతా మీ ఆవుల చొల్లు కారిన గడ్డి మీదికి, గిట్టల పుండ్లతో తొక్కిన బురదలోకి ఆ దున్న సాయంత్రం వస్తుంది. పేరుకు బైసన్ అంటున్నా అది ఆవు జాతికి దగ్గరి చుట్టం. మీ ఆవుకు వచ్చేది దానికీ వస్తుంది, దానికి టీకా వేసేవాళ్లు లేరు. 1968లో బండిపూర్, ముదుమలై అడవుల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల వైరస్ రోగం సోకి అడవిదున్నలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. అందుకే మీ పశువులకు టీకా వేయించమని గట్టిగా చెబుతున్నాను.

జబ్బు పశువులను ఈరోజే వేరు చేయండి. మూడు వారాలు మందను అడవికి, కుంటకు తోలకండి. పాకలోనే మేత, నీళ్లు పెట్టండి. లీటరు నీటికి 1 గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి రోజుకు రెండుసార్లు నోరు, గిట్టలు కడగండి. నోటి పుండ్లకు బోరిక్ పొడి, గ్లిజరిన్ కలిపి రాయండి. గిట్టలకు వేపనూనె పూస్తే ఈగలు వాలవు. గంజి, మెత్తని పచ్చిమేత ఇవ్వండి. పాక నేలను లీటరుకు 40 గ్రాముల చాకలి సోడా కలిపిన నీటితో కడగండి.

వైరస్‌ను యాంటీబయాటిక్ చంపదు. పుండ్లు చీము పడితే ఏం వాడాలో డాక్టరు చూసి చెప్పాలి, షాపులో కౌంటరు వెనక ఉన్నాయన కాదు. పశువుల ఆసుపత్రికి లేదా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి.

జబ్బు పడ్డవాటికి ఇప్పుడు టీకా వద్దు. ఆరోగ్యంగా ఉన్న పశువులకు, పక్క మందలకు డాక్టరు చెప్పినట్టు వేయించండి. దూడకు నాలుగు నెలలు నిండగానే మొదటిది, నెల తర్వాత బూస్టర్, తర్వాత ఆరు నెలలకోసారి. ప్రభుత్వ శిబిరాల్లో ఉచితం. సంత నుంచి తెచ్చినదాన్ని మూడు వారాలు విడిగా కట్టేయండి.

దున్న దగ్గరికి మాత్రం వెళ్లకండి. పక్కకు తిరిగి, వీపు ఎత్తి నిలబడిందంటే బెదిరిస్తున్నట్టే, మెల్లగా వెనక్కి రండి. పెద్ద మగది దాదాపు టన్ను బరువు ఉంటుంది. అది కూడా చొల్లు కారుస్తూ, కుంటుతూ కనబడితే వెంటనే అటవీ సిబ్బందికి చెప్పండి.

పాలు తాగే దూడల సంగతి మీరు రాయలేదు. ఉంటే జబ్బు తల్లి దగ్గర వదలకండి. ఈ రోగంలో వాటి గుండె దెబ్బతిని ఉన్నట్టుండి పడిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలు కాచి, చల్లార్చి పట్టండి.