మా వైపు మాల్ అంటే గుడ్డలంగడే

తిరుపతి, చిత్తూరు వైపు షాపింగ్ మాల్స్ ఈ పాతికేళ్లలో ఎలా మారాయని అడిగారు. ముందు మాల్ అంటే ఏందో తేల్చుకోవాలి. చెన్నైలో స్పెన్సర్ ప్లాజా లాంటి చోట ఒకే కప్పు కింద వంద రకాల దుకాణాలుంటాయి. మా ఊళ్లో ఎవరైనా "మాల్‌కి పోతన్నాం" అన్నారంటే నాలుగంతస్తుల గుడ్డలంగడికి పోతున్నారని అర్థం. బోర్డులు చూడండి: చెన్నై షాపింగ్ మాల్, సౌత్ ఇండియా షాపింగ్ మాల్, సీఎంఆర్ షాపింగ్ మాల్. అన్నీ బట్టలకు పేరుపడ్డవే. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు గుడ్డలంగడి కథే.

మా నాయన తిరుపతి గాంధీ రోడ్డులో ఒక గుడ్డలంగట్లో పాతికేళ్లు సేల్స్‌మన్‌గా చేశాడు. చెప్పులు బయట విడిచి, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోవాలి. ఆయన చీర మీద చీర విప్పి గుట్ట పోసేవాడు. కొనకుండా లేవబోతే "చూసేదానికి దుడ్లు ఇయ్యబన్లేదు, కూర్చోమ్మా" అనేవాడు. చీర మడతలో చిన్న చీటీ ఉండేది, దాని మీద అంకెలుండవు, అక్షరాలుంటాయి. పది అక్షరాల మాటొకటి అంగడివాళ్లు అనుకుంటారు, ఒక్కో అంకెకు ఒక్కో అక్షరం. అంగడికి పడిన ధర (కొనుబడి అంటారు) ఎంతో, ఎంతవరకు దిగొచ్చో ఆ చీటీ చూస్తే ఆయనకు తెలుస్తుంది, మనకు తెలీదు. ఆ మాటేందో చెప్పమని చిన్నప్పుడు ఎంత పోరినా చెప్పలేదు. ఆ అంగడి పూర్తిగా మూతపడ్డాకే చెప్పాడు.

పెండ్లి గుడ్డలకు మాత్రం అప్పట్లో ఊరు దాటాల్సిందే. పట్టుకు కంచి, మిగతావాటికి చెన్నై టీ నగర్. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర. మా అక్క పెండ్లికి 2003లో వ్యాన్ కట్టించుకుని కంచికి పోయాం. 2019లో చిన్నాన్న కొడుకు పెండ్లికి అందరి గుడ్డలూ తిరుపతిలోనే, ఒకే బిల్డింగ్‌లో, ఒక పూటలో తీసేశాం. ఏసీ, లిఫ్ట్, అవ్వ కూర్చునేదానికి కుర్చీ. సుఖమే, కాదనను. ఆషాఢంలో పెండ్లిళ్లుండవు కాబట్టి డిస్కౌంట్లు పెడతారు. మా వైపు దానికి తమిళుల ఆడి నెల కూడా తోడవుతుంది, ఆ డిస్కౌంట్ బోర్డు ఒక పట్టాన దిగదు.

చిన్న అంగళ్లు అన్నీ పోయాయనుకోకండి. తిరుమలలో 300 రూపాయల దర్శనానికి సంప్రదాయ దుస్తులుండాలి. జీన్స్‌తో దిగిన పిల్లోళ్లు పంచె కోసం నాలుగంతస్తులు ఎక్కరు కదా! గుండు మీదికి టోపీ కూడా రోడ్డు పక్కనే కొంటారు.

మాల్స్‌తో నాకున్న పేచీ ఒకటే. పోయినేడు ఒకచోట (పేరెందుకులే) అమ్మకు తీసిన రెడీమేడ్ జాకెట్టు సరిపోలేదు. దుడ్లు వెనక్కి ఇయ్యరంట, ఏడు రోజుల్లోపల వేరేది తీసుకోవాలంట, అదీ బిల్లుంటేనే. మా నాయనైతే కొన్నోళ్ల ముఖం గుర్తుపట్టి మార్చిచ్చేవాడు.

మొన్న ఆయన్ని కూడా మాల్‌కి తీసుకుపోయాం. చీర అంచు తిరగేసి, జరీ వెనకవైపు వేళ్లతో తడిమి, చూపిస్తున్న అమ్మాయిని మెల్లగా అడిగాడు: "కొనుబడి ఎంత పడిందమ్మా దీనికి?"

ఆ పిల్ల ట్యాగ్ తిప్పి బార్‌కోడ్ చూపించింది. "రేటు దీని మీదే ఉంది కదా తాతా."