స్విచ్ మార్చే ముందు దాంట్లోకి ఒకసారి లాగిన్ అవ్వండి

కావలి దగ్గర మీ రొయ్యల ప్లాంటులో మధ్యాహ్నం అయ్యేసరికి కెమెరాలు ఆగి ఆగి వస్తున్నాయని, ట్యాలీ తెరుచుకోవడం లేదని రాశారు. 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (లాగిన్ అయి లోపలి లెక్కలు చూడగలిగే నెట్‌వర్క్ స్విచ్) పాడైంది, కొత్తది కొనమని మెయింటెనెన్స్ వాళ్లు అంటున్నారన్నారు. తొందరపడి డబ్బు పెట్టకండి. నేను ఒంగోలులో ఉంటాను, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో నెట్‌వర్క్ పనులు చూస్తాను. మేనేజ్డ్ స్విచ్ కొని, దానికి ఐపీ కూడా పెట్టకుండా మామూలు స్విచ్‌లా వాడే చోట్లు చాలా చూశాను. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ స్విచ్‌లోనే ఉంటుంది.

ముందు పోర్ట్ స్టాటిస్టిక్స్ పేజీ తెరవండి. కౌంటర్లు క్లియర్ చేసి, సరిగ్గా స్లో అయ్యే వేళలో ఓ పావుగంట వదిలేసి చూడండి. ఏ పోర్టులో బైట్లు ఎక్కువ పోయాయి, ఏ పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) పెరుగుతున్నాయి, లింక్ స్పీడు ఎంత ఉంది, ఈ మూడూ పక్కపక్కన రాసుకోండి.

చీమకుర్తిలో ఒక యూనిట్‌లో సరిగ్గా మీ బాధే. కటింగ్ షెడ్డు నుంచి ఆఫీసుకు వచ్చే అప్‌లింక్, అంటే రెండు చోట్లనీ కలిపే ప్రధాన లైను, 1000కి బదులు 100 ఎంబీపీఎస్ దగ్గర నిలబడి ఉంది. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కి రెండు జతలు చాలు. అందుకే లింక్ పూర్తిగా పోలేదు, ఎవరికీ అనుమానమూ రాలేదు. షెడ్డు వైపు ఆర్‌జే45 కనెక్టర్ పీకి చూస్తే రాతిపొడి తడిసి లోపల గట్టిపడింది, పిన్నులు నల్లబడ్డాయి. అక్కడి 20 కెమెరాలు ఒక్కోటి 4 ఎంబీపీఎస్ చొప్పున 80 తినేస్తున్నాయి. మధ్యాహ్నం షెడ్డు కంప్యూటర్ నుంచి స్లాబుల ఫోటోలు ఆఫీసు సర్వర్‌కి ఎక్కించడం మొదలుపెట్టగానే లైను నిండిపోయేది. కనెక్టర్ కోసేసి కొత్తది క్రింప్ చేస్తే 1000 వచ్చింది. మీది సముద్రపు గాలి తగిలే చోటు, పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో తప్పకుండా చూడండి.

తర్వాత మ్యాక్ అడ్రస్ టేబుల్. మ్యాక్ అంటే ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు, ఏది ఏ పోర్టు మీద ఉందో ఈ టేబుల్ చూపిస్తుంది. ఒక పోర్టు మీద పది మ్యాక్‌లు కనిపిస్తే అక్కడ ఎవరో చిన్న స్విచ్ తగిలించారని అర్థం. మ్యాక్‌లో మొదటి మూడు బైట్లు తయారీ కంపెనీవి కాబట్టి కెమెరానో ప్రింటరో తెలిసిపోతుంది. ఫోన్లకు మాత్రం ఇది నమ్మొద్దు, ఇప్పుడు అవి వైఫైలో ఇష్టమొచ్చిన మ్యాక్ చూపిస్తున్నాయి. చాలా స్విచ్‌లలో 300 సెకన్లు మాట్లాడని పరికరం టేబుల్‌లోంచి పోతుంది, అందుకని పని నడుస్తున్నప్పుడే చూడాలి.

ఎల్ఎల్‌డీపీ అనేది 2005లో ఐఈఈఈ 802.1ఏబీ పేరుతో వచ్చిన ప్రమాణం. ఆన్ చేస్తే ప్రతి పరికరం మామూలుగా 30 సెకన్లకోసారి తన పేరు, మోడల్, ఏ పోర్టు నుంచి వస్తోందో పక్క పరికరానికి చెబుతుంది. ఏ కేబుల్ ఎక్కడికి పోతోందో కాగితం లేని ప్లాంట్లలో ఇది నిజంగా వరం. చవక కెమెరాలు చాలావాటికి ఎల్ఎల్‌డీపీ రాదు, వాటికి మ్యాక్ టేబులే దిక్కు. గెస్టులు, బయటివాళ్లు వాడే పోర్టుల్లో దీన్ని ఆపేయండి. మన మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ వాళ్లకెందుకు?

రోజూ గ్రాఫు కావాలంటే ఎస్ఎన్‌ఎంపీ చాలు, స్విచ్ లెక్కల్ని దూరం నుంచి కంప్యూటర్ చదువుకునే పద్ధతి అది. కానీ 64 బిట్ కౌంటర్లే తీసుకోండి. 1 జీబీపీఎస్ నిండుగా పోతే 32 బిట్ బైట్ కౌంటర్ దాదాపు 34 సెకన్లకే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అయిదు నిమిషాలకోసారి చదివే గ్రాఫు తప్పు లెక్కలు చూపిస్తుంది. ఎస్ఎన్‌ఎంపీకి పాస్‌వర్డులా పనిచేసే కమ్యూనిటీ పేరు 'పబ్లిక్' అని ఉంటే వెంటనే మార్చండి.

పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టులో పోయే డేటా నకలును ఇంకో పోర్టుకు పంపడం), ఆ నకలును విప్పి చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ చివరి అస్త్రంగా ఉంచుకోండి. గిగాబిట్ పోర్టులో రాకపోకలు రెండూ కలిపితే 2 జీబీపీఎస్ దాకా పోవచ్చు, మిర్రర్ పోర్టు 1 మాత్రమే మోయగలదు, మిగిలిన ప్యాకెట్లు రాలిపోతాయి. ఆ రాలిన వాటిని చూసి లైన్లో లోపమని అనుకోవద్దు. ప్యాకెట్లలో కొన్నిటినే నమూనాగా తీసి చూపే ఎస్‌ఫ్లో ఉన్నా మీ 24 పోర్టులకు అవసరం లేదు.

లింకులన్నీ 1000 ఉండి, ఎర్రర్లు సున్నా అయి కూడా మధ్యాహ్నం ఇలాగే ఉంటే, పోర్ట్ స్టాటిస్టిక్స్, మ్యాక్ టేబుల్ స్క్రీన్‌షాట్లు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. పాస్‌వర్డులు, పబ్లిక్ ఐపీ కనపడకుండా చెరిపేసి పెట్టండి.