ముట్టినది అని వ్రాసే ముందు

చిరంజీవి అమ్మడుకు పెదనాన్న దీవించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. నీవు వచ్చే నెలలో ఫిలిప్పీన్స్ వెళుతున్నావనీ, టైఫూను వచ్చిపోయిన తరువాత తూర్పు తీరపు దీవులకు సహాయ సామగ్రి చేర్చే పనిని సమన్వయపరచే బాధ్యత నీకు అప్పగించారనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. చెబుతూ చెబుతూ సగంలో ఏడ్చింది. ఆమెను ఓదార్చి ఫోను పెట్టేసి, పెరటివైపు వెళ్ళి, తిత్లీ తుఫాను పడగొట్టిన కొబ్బరిచెట్ల స్థానంలో నాటిన మొక్కల మధ్య చీకటి పడేదాకా తిరిగాను. నాకు కలిగినది గర్వమో భయమో తేలలేదు. ఫోనులో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని దాటవేస్తావు కనుక ఉత్తరం వ్రాస్తున్నాను.

టీకాలు వేయించుకో. పాస్‌పోర్టు నకళ్ళు రెండు చోట్ల ఉంచుకో. టార్చిలైటు, తడవని సంచి, నీకు అలవాటైన మందులు మరచిపోకు. ఇవి నీకు నాకంటే బాగా తెలుసు.

మనం తుఫాను అన్నా వారు టైఫూను అన్నా గాలి ఒక్కటే. అయితే మనం అక్టోబరు, నవంబరు నెలల్లో గుండెలు చిక్కబట్టుకుని కూర్చుంటాం. వారి సముద్రంలోకి ఏటా ఇంచుమించు 20 తుఫానులు వస్తాయి, వాటిలో ఎనిమిదో తొమ్మిదో నేల మీదికి వస్తాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఊళ్ళు ఎలా వణికాయో నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఒడిశాలోనూ మన రాష్ట్రంలోనూ కలిపి 10 లక్షల మందికి పైగా జనాన్ని ముందుగానే తరలించినందువల్ల ప్రాణనష్టం చాలావరకు తప్పింది. నాలుగు వారాలైనా నిండకముందే, నవంబరు 8 తెల్లవారుజామున, వారు యోలాండా అని పిలిచే హయాన్ తుఫాను సమర్ దీవిలోని గుయివాన్ దగ్గర నేలను తాకింది. కనీసం 6,300 మంది చనిపోయారు. అక్కడా హెచ్చరికలు ఇచ్చారు, అక్కడా జనాన్ని తరలించారు. కానీ వారు తలదాచుకున్న కొన్ని భవనాల్లోకే సముద్రం వచ్చింది. రేడియోలో, టీవీలో 'స్టార్మ్ సర్జ్' అని చెప్పారు. అదేమిటో చాలామందికి బోధపడలేదు. సునామీ అని చెప్పి ఉంటే పరుగెత్తి ఉండేవాళ్ళమని లేయితే దీవిలోని టాక్లోబాన్‌లో బతికి బయటపడినవారు తరువాత అన్నారు.

దానికి మనకు ఉప్పెన అనే మాట ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మునిగిన తరువాత ఆ మాట విని కూడా ఇంట్లో కూర్చునే తెలుగువాడు ఉండడు. అందుచేత నీవు అక్కడ దిగగానే చేయవలసిన మొదటి పని, ఆ దీవివాసులు నీటికి, గాలికి, ఆకలికి, విరేచనాలకు ఏ మాటలు వాడతారో కాగితం మీద వ్రాసుకోవడం. సమర్‌లోనూ, లేయితే తూర్పు భాగంలోనూ ఎక్కువగా మాట్లాడేది వారై భాష. మనీలా నుంచి దుబాసీని తీసుకువెళితే సరిపోతుందనుకోవద్దు. ఆ ఊరి బడిపంతులమ్మను ఒకామెను వెంటబెట్టుకో.

నీటి విషయంలో నీ లెక్క ముందే సరిచూసుకో. మనిషికి రోజుకు 15 లీటర్లు అని మీ పుస్తకాల్లో ఉంటుంది. 200 కుటుంబాలున్న చిన్న దీవిలో వెయ్యి మంది అనుకో; రోజుకు 15 టన్నుల నీరు. రెండు పక్కలా వెదురు చేతులు చాచినట్టుండే ఆ బాంకా పడవల మీద అంత నీటిని ప్రతిరోజూ ఎవరు మోస్తారు? మొదటి ఒకటి రెండు రోజులు తాగడానికి మాత్రమే సీసాలు పంపి, ఆ తరువాత నీటిని అక్కడే శుభ్రపరచే సాధనాలు, మూత ఉన్న బిందెలు పంపు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో: ఉప్పు దిగిన నూతికి క్లోరిన్ మందు కాదు. క్రిమి చస్తుంది, ఉప్పు ఎక్కడికి పోతుంది? తొందరపడి ఇంజను పెట్టి తోడిస్తే ఇంకా పాడవుతుంది, ఎందుకంటే చిన్న దీవిలో మంచినీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతూ ఉంటుంది, పైది లాగేస్తే కిందిది పైకి వస్తుంది. నీటి మూలంగా మూత్రపిండాలు పోయాయా అని ఏళ్ళ తరబడి అనుమానిస్తూ బతుకుతున్న ఉద్దానంవాడిని కదా, ఈ విషయం చెప్పకుండా ఉండలేను.

ఇక నీకు ఇంతవరకూ చెప్పనిది ఒకటి వ్రాస్తాను. మీ పెద్దమ్మకు కూడా సగమే తెలుసు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను తాకినప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్న నన్ను మరికొందరితో కలిపి అక్కడికి డిప్యూటేషన్ మీద పంపారు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఒక లంకకు బియ్యం, కిరసనాయిలు, బరకాలు చేర్చే పని నాకు పడింది. ఆ లంక పేరు ఇక్కడ వ్రాయను. పడమటి గట్టున రేవు, బడి, రామాలయం, పెంకుటిళ్ళు ఉండేవి. తూర్పు కొసన, ఒక చిన్న పాయకు అవతల, రొయ్యపిల్లలు పట్టుకుని బతికేవారి గుడిసెలు ముప్పై నలభై ఉండేవి. ఈ రెంటినీ కలిపే మట్టికట్ట గాలివానకు తెగిపోయింది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. నేను అడగలేదు కనుక తెలియలేదు.

రేషన్ కార్డుల జాబితా ప్రకారం లంక మొత్తానికి సరిపడా బస్తాలు లాంచీలో వేసుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పోటు తగ్గిపోతోందని, ఇంకొక గంట ఆగితే లాంచీ బురదలో కూర్చుంటుందని సరంగు తొందరపెట్టాడు. ఊరి పెద్దలు ఎంతో మర్యాదగా, మీరు వెళ్ళండి బాబూ, అందరికీ మేము పంచుతాం అన్నారు. బస్తాలు రామాలయం మండపంలో దింపించి, వారి సంతకాలు తీసుకుని, రిజిస్టరులో ఆ లంకకు ఎదురుగా 'అందరికీ ముట్టినది' అని వ్రాసి లాంచీ ఎక్కాను. క్యాంపులో అందరికంటే ముందు నా జాబితా పూర్తయింది. పై అధికారి నలుగురి ముందు నన్ను మెచ్చుకున్నారు. గోడకు తగిలించిన పటంలో ఆ లంక మీద ఆకుపచ్చ పెన్సిలు గీత పడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఐదో రోజున ఒక ఆడమనిషి అరటిబోదెల తెప్ప మీద పాయ దాటి, ఎవరి పడవనో బతిమాలి ఎక్కి, భుజాన పిల్లవాడిని వేసుకుని మా క్యాంపు మెట్ల దగ్గరకు వచ్చింది. పిల్లవాడి మెడ నిలవడం లేదు. అన్నిరోజులూ వారు తడిసిన వడ్లు ఉడకబెట్టుకుని, పాయలోని ఉప్పునీరు తాగారు. దూరాన లాంచీలు పోతుంటే చీరలు ఊపారట. పటంలో గీత పడిన లంక కనుక ఒక్క లాంచీ కూడా అటు తిరగలేదు. ఆమె అరవలేదు, తిట్టలేదు. "మా పేర్లు కొట్టేశారంట కదా, మేం పోయామనుకున్నారా బాబూ?" అని అడిగింది.

ఆ సాయంత్రమే పరుగున వెళ్ళాను. ఊరి పెద్దలు బియ్యం తినేశారని నిరూపించాలని నాకు లోపల ఎంత ఆశగా ఉందో చెబితే నీవు నన్ను అసహ్యించుకుంటావు. బస్తాలు మండపంలోనే ఉన్నాయి. తూర్పువాడ వాటా విడిగా పెట్టి, పైన తాటాకు కప్పి ఉంచారు. పాయ దాటించడానికి వారికి పడవ లేదు, తెగిన కట్ట మీదుగా బస్తా మోయగలిగిన మనిషి లేడు, కబురు చెప్పడానికి ఫోను లేదు. అడుగున ఉన్న రెండు బస్తాలు చెమ్మకు ముక్కిపోయాయి. దొంగ ఎవడూ లేడు. రశీదులో ముట్టినది అంటే చేతికి అందిందని అర్థం. నా లాంచీ గట్టును ముట్టింది, బియ్యం మనుషులకు ముట్టలేదు. మాట ఒక్కటే కనుక నాకు సులువైన అర్థంలో వ్రాసుకున్నాను. నేను ఆ లంకకు అసలు వెళ్ళకపోయి ఉంటే, గీత పడకపోయి ఉంటే, రెండో రోజే ఇంకెవరో వెళ్ళి ఉండేవారు.

ఆ పిల్లవాడిని జీపులో ఆసుపత్రికి పంపించాం. తరువాత ఏమైందో నేను కనుక్కోలేదు. తీరిక లేక కాదు.

బరంగాయ్ అంటే మన పంచాయతీ వంటిదనీ, దానికి దూరంగా విసిరేసినట్టుండే వాడలను సిటియో అంటారనీ సంక్రాంతికి వచ్చినప్పుడు నీవే చెప్పావు. బరంగాయ్ కెప్టెన్ మంచివాడే కావచ్చు, నూటికి తొంభై మంది మంచివారే. అయినా అతని సంతకం అతని ఇంటి ముందున్న గట్టుకు మాత్రమే సాక్ష్యం. నీ రిజిస్టరులో మూడు గళ్ళు వేరువేరుగా గీయించు: బయలుదేరినది, గట్టుకు చేరినది, మనిషికి ముట్టినది. మూడో గడిని నీ మనిషి చివరి సిటియోలో నిలబడి, తన చేత్తో నింపాలి. అది నిండేదాకా పటంలో ఆ దీవి మీద ఏ రంగూ వేయనివ్వకు, పై నుంచి ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. 2021 డిసెంబరు 16న ఒడెట్ తుఫాను సియర్గావ్ మీదుగా, దినగత్ దీవుల మీదుగా పోయినప్పుడు కరెంటు, ఫోనులు రెండూ పోయి, ఏ దీవి ఎలా ఉందో బయటకు తెలియని స్థితి వచ్చింది. ఫోను చేయలేని ఊరినుంచే ఫిర్యాదు రాదు. ఎక్కువగా అడుగుతున్న దీవిని చూసి కంగారుపడకు, అసలేమీ అడగని దీవికి ముందు పడవ పంపు. ఊళ్ళో దిగాక "ఎవరెవరు వచ్చారు" అని కాకుండా "ఎవరు రాలేదు" అని అడుగు; అదీ మగవారిని కాదు, చేపలమ్మే ఆడవారిని అడుగు. ఏ గుడిసెలో బాలింత ఉందో, ఎవరి ముసలి తండ్రి మంచం దిగలేడో వారికి తెలుస్తుంది.

ఇదంతా నీకు నేర్పవలసిన పని లేదేమోనని ఇప్పుడే అనిపిస్తోంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన మీద పడిన తరువాత జాతీయ రహదారి మీద చెట్లు అడ్డంగా పడి ఉంటే, నీవు పలాస దాటి వాటి మీద ఎక్కి దిగుతూ, మోకాలు చీరుకుని, మూడో రోజున మన గుమ్మంలోకి వచ్చావు. తినడానికి ఏమి తెచ్చావని మీ పెద్దమ్మ అడిగితే సంచిలోంచి కొవ్వొత్తులు తీశావు. నవ్వాం. ఆ సాయంత్రమే నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎవరికి డయాలసిస్ తేదీ దాటిపోయిందో వ్రాసుకున్నావు. ఊరివాడినై ఉండి, ఉద్యోగంలో జీవితమంతా గడిపి, నాకు తట్టని పని అది. దీవుల్లోనూ అదే మొదట చెయ్యి.

ఆ రోజుల్లో మనకు నిజంగా కావలసినవి ఏమిటో గుర్తు తెచ్చుకో. చెట్లు కోసే రంపపు మిషను, దానికి పెట్రోలు, కప్పుకోవడానికి బరకాలు, తాళ్ళు, మేకులు. వచ్చినవి పాత బట్టల మూటలు. బడి వరండాలో వాటిని ఎవరూ ముట్టక వానకు తడిసి కుళ్ళిపోయాయి. మొదటి పడవలోనే రంపం పంపు. హయాన్‌కు అక్కడ మూడు కోట్లకు పైగా కొబ్బరిచెట్లు దెబ్బతిన్నాయి; పడిన మొద్దులను అలాగే వదిలేస్తే కొమ్ము పురుగు అందులో పెరిగి, నిలిచిన చెట్ల మొవ్వు తినేస్తుందని మన ఉద్దానం రైతుకు చెప్పనక్కరలేదు, వారికీ చెప్పనక్కరలేదు. కానీ కోయడానికి సాధనం ఉండాలి కదా. ఊళ్ళో దుకాణం తెరిచి, సరుకు దొరుకుతుంటే వస్తువులు ఆపి డబ్బు చేతికి ఇవ్వు. దుకాణం లేనిచోట నోటు ఇచ్చి ప్రయోజనం లేదు, దుకాణం ఉన్నచోట ఉచితంగా బియ్యం గుమ్మరించి ఆ కొట్టువాడిని కూడా ముంచవద్దు.

చివరిగా పడవ. ఉత్తరం మొదటినుంచీ దీనిని తప్పించుకుంటూ వస్తున్నాను. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత దీవికి బయలుదేరకు. తొందరపడి నేను తిరిగి వచ్చానని పైన తిట్టుకున్నవాడినే, నీకు మాత్రం ఇలా చెబుతున్నాను. ఆలస్యమైతే ఆ రాత్రి ఆ దీవిలోనే, వారితోనే పడుకో, అంతేగాని చీకట్లో సముద్రం మీద ఉండకు. సరంగు ఇంతే బరువు అంటే అంతే బరువు, పది బస్తాలు మిగిలిపోయినా సరే. రక్షణ జాకెట్టు ఉక్కగా ఉందని తీసి పక్కన పెట్టావని తెలిస్తే విమానం ఎక్కి వచ్చి మరీ తిడతాను.

నీకు ఈత రాదు. పదేళ్ళప్పుడు బారువ తీరంలో అల నీ కాళ్ళు లాగినప్పుడు నేను జడ పట్టుకుని లాగాను. అప్పటినుంచీ నేర్చుకోమని చెబుతూనే ఉన్నాను, నీవు ప్రతి సెలవుల్లోనూ ఏదో వంక చెబుతూనే ఉన్నావు. ఈసారి వంకలు సాగవు. ప్రయాణానికి ముందు పది రోజులు ఇక్కడికి రా. బారువ నుంచి మనకు చేపలు తెచ్చే ఆమె కూతురు ఈత నేర్పుతానని ఒప్పుకుంది. రోజూ ఉదయం ఐదున్నరకు, మన ఊరి చెరువులో, మెట్లున్న వైపున. నేను గట్టు మీద కూర్చుంటాను. మీ పెద్దమ్మ నీ కోసం జీడిపప్పు వేయించి, చోడిపిండి పట్టించి సిద్ధంగా ఉంచింది. ఏ రైలుకు వస్తున్నావో వ్రాస్తే స్టేషనుకు ఆటో పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న