ఫార్మాట్ చేసేశాను, ఇక ఏమీ లేదంటారు

“పదేళ్లనాటి కంప్యూటర్‌ను తెలిసినవాళ్లకు ఇచ్చేస్తున్నాను. హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసి, విండోస్ మళ్లీ ఎక్కించాను. ఇంకా ఏమైనా చేయాలా?”

ఈ ఉత్తరం ఎవరు రాశారో చెప్పడం కష్టం, ఎందుకంటే ఒక్కరు రాసింది కాదు. మాటలు కాస్త అటూ ఇటూ మారి నెలనెలా వస్తూనే ఉంటుంది. అందరూ ‘ఫార్మాట్ చేశాను’ అన్న ముక్కను ఎంత ధీమాగా రాస్తారంటే, ఇల్లంతా ఊడ్చి కడిగి తాళంచెవి చేతిలో పెట్టినట్టు ఉంటుంది. నిజానికి మీరు గుమ్మం మీది పేరుపలక ఊడదీశారు, అంతే. సామానంతా లోపల ఎక్కడిదక్కడే ఉంది.

విండోస్ ఎక్కించేటప్పుడు కనిపించే ఫార్మాట్ బటన్ చేసేది క్విక్ ఫార్మాట్. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను కొత్తగా, ఖాళీగా రాసి ఊరుకుంటుంది. కొన్ని సెకన్లలో పని అయిపోయినప్పుడైనా అనుమానం రావద్దా? ఒక టెరాబైట్ డిస్క్ మీద సెకనుకు వంద మెగాబైట్ల చొప్పున సున్నాలు రాసుకుంటూ పోతే దాదాపు మూడు గంటలు పడుతుంది. రెప్పపాటులో ముగిసిందంటే దేన్నీ చెరపలేదన్నమాట. ఆ మీదట కొత్తగా ఎక్కించిన విండోస్ ఏ ఇరవై ముప్ఫై గిగాబైట్లో ఆక్రమిస్తుంది. మిగతా తొమ్మిది వందల చిల్లర మీ పాత జీవితమే.

ఆ మధ్య ఒక మిత్రుడు ఇలాగే ఫార్మాట్ చేసి, కంప్యూటర్ ఇచ్చేసే ముందు ‘నీకు అన్నీ అనుమానాలే’ అంటూ నా ముందు పెట్టాడు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపించాను. దానికి ఫైళ్ల పట్టికతో పని లేదు. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అనే మూడు బైట్లతోనే మొదలవుతుంది కనుక, అవి కనిపించిన చోటల్లా పట్టుకుని బయటికి లాగుతుంది. పేర్లు పోతాయి, బొమ్మలు పోవు. ఎఫ్ అక్షరం, దాని పక్కన ఏడంకెల సంఖ్య, ఈ వరసలో ఫైళ్లు గుట్టలుగా వచ్చి పడసాగాయి. మొదట పిల్లవాడి పుట్టినరోజు ఫొటోలు వచ్చాయి, మిత్రుడు నవ్వాడు. తర్వాత అతని గుర్తింపు కార్డు స్కాన్, రెండు వైపులా. ఆ వెనకే తెల్లకాగితం మీద అతను చేసిన సంతకం. ఎప్పుడో ఏదో దరఖాస్తు కోసం స్కాన్ చేసుకున్నదట. ఇక నవ్వలేదు.

నన్ను అన్నింటికన్నా భయపెట్టేది ఇదే. ‘మా ఫొటోలతో ఎవరికేం పని’ అని తేలిగ్గా తీసేస్తారు. ఫొటోల సంగతి వదిలేయండి. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు. పుట్టినతేదీని మార్చుకోగలరా? సంతకం, గుర్తింపు కార్డు, జీతం రసీదు ఒకే చోట దొరికితే మీ పేరుతో ఏమైనా మొదలుపెట్టవచ్చు. మీరు కంప్యూటర్ ఇచ్చినవారు మంచివారే కావచ్చు. రేపు వాళ్లు దాన్ని ఎవరికి ఇస్తారో మీకు తెలియదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన భయమేమీ కాదు. ఎంఐటీలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు వాడిన హార్డ్ డిస్కులు 158 కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో పనిచేసినవి 129. సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. వేల కొద్దీ క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. అప్పటి నుంచి డిస్కులు ఎన్నో రెట్లు పెరిగాయి. మన అలవాట్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయని నా ఉత్తరాల సంచి చెబుతోంది.

ఏం చేయాలంటే: విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టి, మొదటి తెర మీదే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. నల్లని కమాండ్ కిటికీ వస్తుంది. డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్‌తో డిస్కులను చూసి, సెలెక్ట్ డిస్క్‌తో ఒకదాన్ని ఎంచుకుని, క్లీన్ ఆల్ అనండి. చివరి ‘ఆల్’ మరిచిపోతే మళ్లీ పేరుపలక ఊడదీసిన కథే. రాత్రి మొదలుపెట్టి పడుకోండి. ముప్ఫై అయిదు సార్లు తుడవాలని ఎవరైనా చెబితే వినకండి. ఆ లెక్క 1996లో పీటర్ గుట్‌మన్ అనే పరిశోధకుడు అప్పటి రకరకాల డిస్కులన్నింటినీ కలిపి వేసింది. ఇప్పటి డిస్కులకు అది అర్థం లేని పని అని తర్వాత ఆయనే రాశాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాల ప్రకారం కూడా మామూలు వాడకానికి ఒక్కసారి పూర్తిగా తిరగరాస్తే చాలు.

ఇదంతా లోపల పళ్లెం తిరిగే పాత రకం హార్డ్ డిస్కుకే. వేగం కోసం మధ్యలో ఎస్ఎస్‌డీ, అంటే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే డిస్క్, వేయించుకున్నవారు ఈ పద్ధతిని నమ్ముకోవద్దు. చిప్పులు సమానంగా అరగాలని ఎస్ఎస్‌డీ మీరు రాసిన సమాచారాన్ని తనకు నచ్చిన చోట పెడుతుంది, కొంత జాగాను మీకు చూపించకుండా దాచుకుంటుంది. పైనుంచి సున్నాలు పోసినా ఆ మూలలకు చేరతాయన్న నమ్మకం లేదు. దానికి సెక్యూర్ ఎరేజ్ అనే ఆదేశం వేరే ఉంది. డ్రైవ్ తయారీదారు ఇచ్చే ప్రోగ్రామ్‌లోనో, కొన్ని కంప్యూటర్ల బయోస్‌లోనో (విండోస్ కన్నా ముందు మొదలయ్యే అమరికల తెర) దొరుకుతుంది. కొత్త కంప్యూటర్ కొన్నవారు మొదటి రోజే డిస్కుకు ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లేనిదే రాసినదాన్ని చదవలేని ఏర్పాటు, పెట్టుకుంటే, ఇచ్చేసే రోజున తాళంచెవిని చెరిపేస్తే సరిపోతుంది. ఆ మాట మాత్రం ఎవరూ వినరు.

విండోస్‌లోనే ఉన్న ‘రీసెట్’ చాలదా అని మరికొందరు అడిగారు. చాలుతుంది, సరైన మీట నొక్కితే. అన్నీ తీసేయమన్నా అది ముందు ఫైళ్లను పైపైనే తీసేస్తుంది. డ్రైవ్‌ను శుభ్రం చేసే మీట ‘సెట్టింగ్స్ మార్చు’ అన్న గీత వెనక దాక్కుని, ఆఫ్‌లో ఉంటుంది. తెర రంగు మార్చడానికి నాలుగు తెరలు కేటాయించే డిజైనర్లు ఈ ఒక్క మీటను ఎదురుగా పెట్టలేకపోయారు. బొమ్మ చెరపబోతే ‘నిజంగానా?’ అని రెండుసార్లు అడిగే సాఫ్ట్‌వేర్, చెరిగిందో లేదో చెప్పాల్సి వచ్చినప్పుడు మౌనవ్రతం పడుతుంది.

“మీరు ఇదివరకు చెప్పినట్టే క్లీన్ ఆల్ చేశాను. తీరా చూస్తే తుడిచింది బ్యాకప్ పెట్టుకున్న డిస్క్. ఏదైనా దారి ఉందా?”

పూర్తయితే లేదు. మధ్యలో ఆపి ఉంటే, డిస్క్ చివరి భాగంలోని ఫైళ్లు దొరికే అవకాశం ఉంది. దాని మీద ఇంకేమీ రాయకుండా విప్పి పక్కన పెట్టండి.

మిమ్మల్ని తిట్టాలని లేదు. ఒకసారి నేనూ అంచుదాకా వెళ్లి వచ్చాను. లోపలి డిస్క్ ఒక టెరాబైట్, పక్కన యూఎస్‌బీకి తగిలించిన బ్యాకప్ డిస్కూ ఒక టెరాబైటే. కంపెనీలు వెయ్యితో లెక్కిస్తాయి, విండోస్ 1024తో లెక్కిస్తుంది కనుక రెండూ 931 జీబీ అని కనిపించాయి. లిస్ట్ డిస్క్ చూపించేదల్లా సున్నా, ఒకటి అన్న నంబర్లూ ఆ పరిమాణమూ. ఏ కంపెనీదో, ఏ మోడలో ఆ పట్టికలో ఉండదు. ఎంటర్ మీద వేలు పెట్టాక ఎందుకో బ్యాకప్ డిస్క్ దీపం వైపు చూశాను. నేను తుడవబోతున్నది లోపలి డిస్కును కాదు, ఆ బ్యాకప్ డిస్కునే అని అప్పుడు తట్టింది. ఎంచుకున్న తర్వాత డీటెయిల్ డిస్క్ అని కొడితే మోడల్ పేరు కనిపిస్తుంది. అంతకన్నా నయం, తుడవాల్సిన డిస్క్, పెన్‌డ్రైవ్ తప్ప మిగతావన్నీ ముందే పీకేయడం.

“అంతా కొత్తగా ఎక్కించాక ఏ వెబ్‌సైట్ తెరిచినా సర్టిఫికెట్ సరిగా లేదంటోంది. వైరస్ వచ్చిందా?”

కుడిచేతి మూల గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ కంప్యూటర్ లెక్కలో, వెబ్‌సైట్ అసలైనదేనని చెప్పే ఈనాటి సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. బిళ్ల మార్చి, బయోస్‌లో తేదీ సరిచేయండి.

“నా కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదట. దానితో వచ్చిన విండోస్ 7 మళ్లీ వేసుకోవచ్చా? అది హాయిగా నడిచేది.”

హాయిగా నడిచేది, నిజమే. దానికి మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు దాని బారిన పడినవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లే. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది, వేసుకోనివారు దెబ్బతిన్నారు. ఇప్పుడు వేసుకుందామన్నా కొత్త రంధ్రాలకు అప్‌డేటే లేదు. నెట్‌కు కలపకుండా పాత స్కానర్ కోసమో పాత ఆట కోసమో ఉంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. బ్యాంకు ఖాతా తెరిచే కంప్యూటర్‌లో మాత్రం వద్దు. విండోస్ 10 మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు.

నా కోపమల్లా ఎక్కడంటే, మీ కంప్యూటర్ చెడిపోలేదు. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, ఉత్తరాలు రాయడానికీ లెక్కలు వేయడానికీ ఆ ప్రాసెసర్ ఇంకో అయిదేళ్లు చాలు. టీపీఎం 2.0 అనే చిప్పు లేదనో, ప్రాసెసర్ జాబితాలో లేదనో మూలన పడేయమంటున్నారు. ఆ చిప్పు భద్రతకు మంచిదే, కాదనను. అయితే అది లేని కంప్యూటర్‌కు ఉన్న అప్‌డేట్లు కూడా ఆపేస్తే భద్రత పెరిగిందా, తగ్గిందా? దానికి తోడు ఇప్పటి కొన్ని పలుచటి ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీని బోర్డుకే అతికించేస్తున్నారు. బోర్డు కాలిందంటే డిస్క్ విప్పి తీసుకునే వీలు లేదు, తుడిచే వీలూ లేదు. మీ సంతకం స్కాన్‌తో సహా చెత్తలోకి వెళుతుంది. పదేళ్లనాటి మీ డబ్బా పెట్టెకు నాలుగు స్క్రూలు విప్పితే డిస్క్ చేతికొస్తుంది. ఏది ముందుకు పోవడమో నాకు అర్థం కావడం లేదు.

అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే చిట్కాలు అడగకండి, ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ వాటికి లేదు. ఎవరో ‘తేలిక చేసి’ పెట్టిన విండోస్ కాపీలను అసలే తాకకండి. లోపల ఏం తీసేశారో, ఏం చేర్చారో తెలియదు. ప్రాసెసర్ 64 బిట్‌ది అయితే విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ చూడండి. చెరపక ముందే, పెన్‌డ్రైవ్ నుంచే ఒక సాయంత్రం నడిపించండి. వైఫై అందుతోందా, మాట వినిపిస్తోందా, ప్రింటర్ పలుకుతోందా చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే మూత మూసి, పది నిమిషాలాగి తెరవండి. పాత యంత్రాలు ఎక్కువగా అక్కడే మొరాయిస్తాయి.