గాజువాక మీదుగా వద్దు, భీమిలి మీదుగా రండి

ప్రశ్న: బాబాయి గారికి నమస్కారం. మాది రాజమహేంద్రవరం. సంక్రాంతి వెళ్లాక కారులో విశాఖపట్నం వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. హైవే ఎప్పుడూ చూసేదే, ఈసారి దారంతా సముద్రం కనిపించాలని పిల్లల గొడవ. కుదురుతుందా? ఊళ్లో ఒక్క రోజే ఉంటాం, ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: దారంతా అంటే కుదరదు తల్లీ. తుని నుంచి అనకాపల్లి దాకా హైవే సముద్రానికి ఎడంగానే పోతుంది. రేవుపోలవరం బీచో పూడిమడక బీచో చూడాలంటే ప్రతిసారీ పక్కదారి పట్టి, మళ్లీ వెనక్కి రావాలి. మీ అత్తగారికి అన్నిసార్లు ఎక్కడం దిగడం ఎందుకు? మొదట్లో కొంచెం, చివర్లో కొంచెం సముద్రం పెట్టుకోండి. మధ్యలో హైవే మీద కారు పోనివ్వండి.

తెల్లారేసరికి కాకినాడ చేరి ఉప్పాడ బీచ్ రోడ్డు పట్టండి. సముద్రం కుడిచేతి వైపు, బండరాళ్ల అవతలే ఉంటుంది. అక్కడ సముద్రపు కోత ఎక్కువ. ఉప్పాడలో ఎన్నో ఇళ్లు సముద్రంలో కలిసిపోయాయి. వాయుగుండం పట్టిందంటే కెరటం రోడ్డెక్కేస్తుంది, పోలీసులు బండ్లు ఆపేస్తారు. నేను కాకినాడ డిపోలో బస్సు నడిపే రోజుల్లో ఆ ఉప్పునీరు బస్సు అద్దం మీద పడితే వైపర్ వేసినకొద్దీ మసకబారేది. జనవరిలో ఆ భయం తక్కువే, అయినా బయల్దేరేముందు వాతావరణం వార్త ఒకసారి చూసుకోండి.

ఉప్పాడలో జాందానీ మగ్గం చూడకుండా రావద్దు. పువ్వు పువ్వుకీ విడిగా దారం అల్లుతారు, అందుకే చీర తిరగేసినా పువ్వు చక్కగా ఉంటుంది. 2009లో భౌగోళిక గుర్తింపు (ఊరి పేరుతో ఇచ్చే జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. మీవారికి ముందే చెప్పి ఉంచండి, మగ్గం చూడ్డానికని వెళ్లి చీర లేకుండా తిరిగొచ్చినవాళ్లు నాకు తెలిసి తక్కువ.

అక్కడి నుంచి పిఠాపురం, కత్తిపూడి మీదుగా అన్నవరం. కొండ మీదికి కారు వెళ్తుంది, దర్శనం చేసుకుని విస్తరాకులో ప్రసాదం పుచ్చుకోండి. ఎలమంచిలి రాకముందు ఎడమకి తిరిగితే ఏటికొప్పాక. అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే బొమ్మలు పిల్లలకి నచ్చుతాయి. ఆలస్యమైందనిపిస్తే ఇది వదిలేయండి.

అసలు సంగతి అనకాపల్లి దగ్గర ఉంది. అందరూ తిన్నగా గాజువాక మీదుగా ఊళ్లోకి పోతారు. లారీలు, కంటైనర్లు, సిగ్నళ్లు, అదో టెన్షన్. మీరు సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్లే ఆరు వరసల బైపాస్ ఎక్కండి, సుమారు 50 కిలోమీటర్లు. ఆ తర్వాత తగరపువలస, చిట్టివలస, భీమిలి. చుట్టుదారే, ఆయిలూ కాస్త ఎక్కువే అవుతుంది. కానీ భీమిలి నుంచి వైజాగ్ వచ్చేటప్పుడు సముద్రం ఎడమవైపు, మనం నడిపే వరస పక్కనే ఉంటుంది. ఎదురొచ్చే బండ్లు చూపుకి అడ్డం రావు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ కొండల వైపు నుంచి పడి నీళ్లు బాగా నీలంగా కనిపిస్తాయి. స్టీరింగు పట్టినవాళ్లు మాత్రం చలవ కళ్లజోడు పెట్టుకోవాలి.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. గాలి వేల ఏళ్లపాటు పోసిన ఇసుక అది. పిల్లలు దిబ్బలెక్కి మట్టి జార్చకుండా చూసుకోండి. మంగమారిపేటలో కెరటాలు తొలిచిన రాతి తోరణం ఉంది. తొట్లకొండ పైదాకా కారు పోతుంది. రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం శిథిలాలవి. అత్తగారిని అక్కడ కూర్చోబెడితే కిందనున్న సముద్రమంతా కనిపిస్తుంది.

ఊళ్లో ఒక్క రోజే అంటున్నారు కాబట్టి జలాంతర్గామిని వదలకండి. ఐఎన్‌ఎస్ కురుసురా 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. ఆర్కే బీచ్ ఇసుకలోనే నిలబెట్టారు. సోమవారం సెలవు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి, అత్తగారి వల్ల కాదు. మీరు లోపల ఉన్నంతసేపూ ఆవిడకి బెంచీ, ముంత మసాలా చాలు. జలాంతర్గామికి ఎదురుగా, రోడ్డు అవతల నౌకాదళం పాత విమానం టీయూ-142 ఉంది. ఆర్కే బీచ్‌లో, యారాడలో పిల్లల్ని నీళ్లలోకి దించకండి, లోపలికి లాగేస్తుంది. పాదాలు తడుపుకుంటే చాలు.

తిరుగు ప్రయాణం ఉదయం సింహాచలం చూసుకుని, పెందుర్తి దగ్గర అదే బైపాస్ ఎక్కితే గాజువాక మళ్లీ తగలదు. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే.

ప్రశ్న: మాకు కారు లేదు. విశాఖ వచ్చాక భీమిలి రోడ్డు చూసే దారేదైనా ఉందా?
– మరో పాఠకుడు

జవాబు: సిటీ బస్సు ఉండగా దిగులెందుకండీ? 900కె నంబరు బీచ్ రోడ్డులోనే భీమిలి వెళ్తుంది. వెళ్లేటప్పుడు డ్రైవరు వెనక కుడివైపు సీటు, వచ్చేటప్పుడు ఎడమవైపు సీటు చూసుకోండి. ఆదివారం సాయంత్రం మాత్రం సీటు మీద ఆశ పెట్టుకోవద్దు.